దున్నరు, దమ్ము చేయరు: కాలిమంతాన్ చిత్తడి నేలల్లో బంజార్ రైతుల వరి సాగు

ఆచ్ఛాదన గురించి, దున్నకుండా చేసే సాగు గురించి మనం చాలాసార్లు చెప్పుకున్నాం. ఆ రెండింటినీ తరతరాలుగా చేస్తున్న జనం ఒకచోట ఉన్నారు. బోర్నియో దీవిలో ఇండోనేషియా కిందున్న భాగాన్ని కాలిమంతాన్ అంటారు. దాని దక్షిణాన బరిటో నది సముద్రంలో కలిసే దగ్గర బరిటో కువాలా అనే జిల్లా ఉంది. అక్కడి చిత్తడి నేలల్లో వరి పండించేవాళ్లు బంజార్ జనం. పేరు విని మన బంజరు భూమి అనుకోకండి, అది బంజర్‌మాసిన్ పట్నంతో ముడిపడిన పేరు. కాకపోతే బయటి నుంచి వచ్చినవాళ్లు ఆ నేలను బంజరుగానే చూశారు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ముందు ఊరు ఎలా ఉంటుందో చూడండి. వీధి ఉండాల్సిన చోట కాలువ ఉంటుంది. దానికి రెండు పక్కలా గట్టి కర్ర స్తంభాల మీద లేపి కట్టిన చెక్క ఇళ్లు. పొలానికి పోవాలన్నా, ధాన్యం తేవాలన్నా చిన్న పడవే దిక్కు. ఈమధ్య రోడ్లు పడ్డాయి, బైకులు వచ్చాయి గానీ లోపలి ఊళ్లకు ఇప్పటికీ పడవే ఆధారం. చుట్టూ నీళ్లున్నా తాగడానికి మాత్రం వాన నీళ్లు పట్టి దాచుకుంటారు. ఎందుకంటే ఎండాకాలంలో కాలువ నీళ్లు పుల్లబడతాయి, సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పబడతాయి కూడా.

నీళ్లు పుల్లబడటం ఏంటి అంటారా? ఈ పాఠంలో అసలు విషయం అదే, జాగ్రత్తగా చదవండి. ఒకప్పుడు మడ అడవులున్న ఒండ్రు అది. దాని అడుగు పొరల్లో ఇనుము, గంధకం కలిసిన పైరైట్ అనే ఖనిజం ఉంటుంది. నీటి కింద ఉన్నంతకాలం అది ఎవరి జోలికీ రాదు. నేల ఎండిపోయి, లోపలికి గాలి తగిలిందో, సల్ఫ్యూరిక్ ఆమ్లం తయారవుతుంది. నేల పీహెచ్ 4 కంటే కిందికి పడిపోతుంది. ఇనుము, అల్యూమినియం కరిగి వేళ్లకు విషమవుతాయి. అందుకే అక్కడ లోతుగా దున్నినా, లోతుగా మురుగు కాలువ తీసినా, తన నేలను తానే చంపుకున్నట్టు.

బంజార్ రైతులకు పైరైట్ పేరు తెలియకపోవచ్చు, కానీ దాని గుణం తెలుసు. నది ఒడ్డు నుంచి లోపలికి రెండు మూడు కిలోమీటర్ల మేర చేత్తో తవ్విన చిన్న కాలువను వాళ్లు హందిల్ అంటారు. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు నదిలో మంచినీళ్లు వెనక్కి ఎగదన్ని హందిల్‌లోకి, అక్కడి నుంచి పొలంలోకి వస్తాయి. పాటు వచ్చినప్పుడు పొలంలో ఊరిన పులుపును కడిగి తీసుకుపోతాయి. మోటారు లేదు, కరెంటు లేదు. ఆ కాలువకు ఒక పెద్ద ఉంటాడు, పూడిక తీసే రోజు అందరూ కలిసి దిగుతారు. ఇందులో నాకు అన్నిటికంటే నచ్చింది, వాళ్లు ఎక్కడ ఆగారనేది. లోపలికి వెళ్లేకొద్దీ కుళ్లిన ఆకు, కొమ్మ పేరుకుపోయిన పీట్ నేల లోతవుతుంది. పీట్ లోతైన చోట వరి నిలవదని చూసి అక్కడితో తవ్వడం ఆపేశారు.

ఇక నేల తయారీ. తజాక్ అని పిడికి వంపుగా బిగించిన పొడవాటి కత్తి లాంటి పనిముట్టు ఉంటుంది. పొలంలో కాస్త నీళ్లుండగా దాన్ని నేల మీదుగా విసిరి కలుపును మొదలంటా కోస్తారు. పై పొరే కదులుతుంది, అడుగు మట్టి కదలదు. కోసిన కలుపును అక్కడే బంతుల్లా చుట్టి కుళ్లబెడతారు. కొన్నాళ్లకు ఆ బంతుల్ని తిరగేస్తారు, అటు పక్క కూడా కుళ్లాక పొలమంతా పరిచేస్తారు. పంటకు అదే ఎరువు, అదే ఆచ్ఛాదన. నారు నాటేటప్పుడు కొయ్య ములుకుతో గుంత చేసి అందులో పెడతారు. మనవాళ్లు కొందరు "వరిలో ఆచ్ఛాదన ఎలా కుదురుతుందండీ" అని అడుగుతుంటారు కదా, వాళ్లు వీడియోలో ఈ భాగాన్ని ఆపి ఆపి చూడండి.

నారు సంగతి ఇంకా విచిత్రం. అక్టోబరు, నవంబరు నెలల్లో మెరక మీద పొడి నేలలో విత్తనం వేస్తారు. నలభై రోజుల తర్వాత పీకి తడి మడిలో నాటుతారు. దుబ్బు కట్టాక మళ్లీ పీకి, విడదీసి, ఇంకొంచెం పెద్ద మడిలో నాటుతారు. మార్చి, ఏప్రిల్‌లో వానల ఉధృతి తగ్గి పొలంలో నీళ్లు దిగాక, మూడోసారి అసలు పొలంలోకి మారుస్తారు. అప్పటికి నారు బాగా పొడవు పెరిగి, ముదిరి ఉంటుంది కాబట్టి లోతు నీళ్లను, మిగిలిన పులుపును తట్టుకుంటుంది. ఈలోపు వానలు నేలను కడిగేసి ఉంటాయి. విత్తనం కూడా తక్కువ పడుతుంది. కోత ఆగస్టు, సెప్టెంబరుల్లో. మొత్తం తొమ్మిది పది నెలల పంట.

దిగుబడి గొప్పేం కాదు. సియామ్, బయార్ లాంటి దేశవాళీ రకాలు హెక్టారుకు రెండు మూడు టన్నులు, అంటే ఎకరాకు 8 నుంచి 12 క్వింటాళ్లు. పంట కూడా ఏడాదికి ఒకటే. కానీ లెక్క అక్కడితో ఆపితే తప్పు. బంజార్ జనానికి ముద్దకట్టని, పొడిపొడిగా ఉండే అన్నం ఇష్టం. ఆ దేశవాళీ బియ్యానికి బంజర్‌మాసిన్ బజారులో హైబ్రీడు, పొట్టి రకాల కంటే ఎక్కువ ధర పలుకుతుంది. ఎరువుల ఖర్చూ తక్కువే.

వరి ఒక్కటే నమ్ముకుంటే ఇల్లు గడవదు. పొలం మధ్యలో పై మట్టిని పోగేసి దిబ్బలు పోస్తారు, ఒక్కో దిబ్బ మీద ఒక కమలా చెట్టు. అడుగు మట్టి పైకి తెస్తే పులుపు వస్తుందని పై మట్టే వాడతారు. చెట్టు పెరిగేకొద్దీ దిబ్బను పెంచుకుంటూ, కొన్నేళ్లకు దిబ్బలన్నీ కలిపి పొడవాటి గట్టు చేస్తారు. పల్లంలో వరి, గట్టు మీద సియామ్ బంజార్ కమలా. పండ్లు పడవల మీద బజారుకు పోతాయి.

పులుపెక్కి వదిలేసిన నేల కూడా ఖాళీగా ఉండదు. అందులో గలామ్ అనే చెట్లు వాటంతటవే మొలుస్తాయి, చిత్తడిలో ఇళ్ల పునాదులకు ఆ కర్ర బాగా అమ్ముడుపోతుంది. పురున్ అనే తుంగ జాతి మొక్కలు వస్తాయి, ఆడవాళ్లు వాటిని కోసి, ఎండబెట్టి, దంచి చాపలు అల్లుతారు. పురున్‌లో ఒక రకం మీద వరి తెల్ల మొగి పురుగు గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుందని అక్కడి శాస్త్రవేత్తలు గమనించారు. అంటే పొలం పక్కన ఉంచితే ఎర పంట అన్నమాట. ఇక చేపలు సరేసరి. వాళ్లు హరువాన్ అని మురిసిపోయేది మన కొర్రమీనే! కాస్త ఎగువన అమున్తాయ్ వైపు అలాబియో బాతులు పెంచుతారు, గుడ్లకు పేరున్న జాతి. అక్కడే గేదెల్ని నీళ్ల మధ్య కర్రలతో కట్టిన మంచెల మీద కట్టేస్తారు. పొద్దున వదిలితే ఈదుకుంటూ మేతకు పోయి సాయంత్రానికి మంచె ఎక్కుతాయి.

ఇప్పుడు బంజరు అనుకున్నవాళ్ల సంగతి. 1995లో అధ్యక్షుడు సుహార్తో పక్కనున్న మధ్య కాలిమంతాన్‌లో 10 లక్షల హెక్టార్ల చిత్తడిని వరి పొలాలు చేయాలని ఉత్తర్వు ఇచ్చారు. 1996 నుంచి యంత్రాలు దిగాయి. నాలుగు వేల కిలోమీటర్లకు పైగా కాలువలు తవ్వారు, బంజార్, దయాక్ రైతులు ఆగిన చోట ఆగకుండా లోతైన పీట్‌ను అడ్డంగా కోసుకుంటూ పోయారు. నీళ్లు దిగిపోయి పీట్ ఎండింది. 1997లో ఎల్ నినో కరువు రాగానే నేలే అంటుకుంది, నెలల తరబడి పొగ. జావా నుంచి తెచ్చి దించిన కుటుంబాలకు వరి సరిగ్గా పండలేదు, చాలామంది వెళ్లిపోయారు. 1999లో పథకాన్ని రద్దు చేశారు. అయినా ఆ కాలువలు ఈరోజుకీ నీళ్లు లాగేస్తూనే ఉన్నాయి, 2015లో మళ్లీ తగలబడింది. 2020 నుంచి అదే ప్రాంతంలో మరో పేరుతో ఆహార పంటల పథకం మొదలుపెట్టారు.

బంజార్ ఊళ్లలో కూడా అంతా పాత పద్ధతే నడుస్తోందని అనుకోవద్దు. తజాక్ పట్టే కుర్రాళ్లు తగ్గిపోయారు, పామాయిల్ తోటల్లో, బొగ్గు గనుల్లో కూలి దొరుకుతోంది. చాలామంది కలుపు మందు కొట్టి పని కానిస్తున్నారు. కూలీ ఖర్చు చూస్తే వాళ్లను తప్పుపట్టలేం. కానీ ఆ మందు కాలువలో కలుస్తుంది. స్నానం, గిన్నెలు తోమడం, చేపలు పట్టడం అన్నీ ఆ కాలువలోనే.

మనలో మడ అడవుల పక్కన, ఉప్పుటేరుల దగ్గర భూములున్న వాళ్లకు ఒక మాట. కేరళ కుట్టనాడులో కూడా ఇలాంటి పుల్లటి నేలలున్నాయి. మీరు చెరువో, లోతు కాలువో తవ్వించే ముందు అడుగు నుంచి నల్లటి బురద గడ్డ ఒకటి తీయండి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే అనుమానించాలి. తీసిన వెంటనే పీహెచ్ కాగితంతో చూసి రాసుకోండి. ఆ గడ్డను పల్చగా పరిచి, చెమ్మ ఆరకుండా, గాలి తగిలేలా నీడలో కొన్ని వారాలు ఉంచి మళ్లీ చూడండి. అంకె 4 కంటే కిందికి పడినా, మట్టిలో గడ్డి రంగు పసుపు చారలు కనిపించినా, తవ్వకం ఆపి భూసార పరీక్ష కేంద్రానికి నమూనా పంపండి.