సాదృశ్యం నుండి భావానికి: ఆంధ్ర చిత్రకళలో ఆధునికతకు హేతువులు

ఆధునిక కళ యంత్రయుగ ఫలితమని తరచు వినవచ్చే మాట. ఇందులో సత్యం కొంత మాత్రమే ఉన్నది. యంత్రం ఒక హేతువు. కళను కోరే పోషకుడు మారడం మరొక హేతువు. ఈ రెండూ కలిసిన చోటనే ఆధునికత జనించిందని ఆంధ్రదేశ దృష్టాంతంతో నిరూపించడం ఈ వ్యాసోద్దేశం.

కామసూత్రాలకు జయమంగళ వ్యాఖ్య రచించిన యశోధరుడు చిత్రానికి ఆరు అంగాలు చెప్పాడు. వాటిలో సాదృశ్యం ఒకటి. భావం, లావణ్యయోజనం వేరు అంగాలు. 1839లో ఫ్రాన్సులో డాగేర్ ఛాయాగ్రహణ విధానం వెల్లడైన పిమ్మట సాదృశ్యం యంత్రసాధ్యమైంది. మనుష్యుల రూపచిత్రాలు వ్రాసి జీవించే చిత్రకారుల వృత్తికి అది విఘాతం. మిగిలిన అంగాలను వెదకుకొనక వారికి గత్యంతరం లేకపోయింది.

అయితే యంత్రం వచ్చినంతనే కళ మారదు. 1894లో రాజా రవివర్మ బొంబాయిలో నెలకొల్పిన శిలాముద్రణాలయం దేవతల పటాలను సామాన్యుని ఇంటి గోడకు చేర్చింది. కళను అనుభవించే వర్గం విస్తరించింది. కాని ఆ పటాలలోనూ సాదృశ్యమే ప్రధానం. స్వదేశీ ఉద్యమకాలంలో అవనీంద్రనాథ ఠాకూరు ప్రభృతులు దీనిని నిరసించి భావప్రధానమైన మార్గం త్రొక్కారు.

ఆ చైతన్యం ఆంధ్రదేశంలో విద్యాసంస్థల ద్వారా ప్రవేశించడం గమనార్హం. 1910లో వెలసిన బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార ఛటర్జీ చిత్రకళ బోధించగా అడివి బాపిరాజు ఆయన శిష్యుడైనాడు. రాజమహేంద్రవరం కళాశాల అధ్యక్షుడు ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో దామెర్ల రామారావు (1897-1925) బొంబాయి కళాశాలలో శిక్షణ పొందాడు. పాశ్చాత్య శరీరనిర్మాణ జ్ఞానాన్ని, అజంతా రేఖను ఆయన సమన్వయించాడు. ‘నందిపూజ’, ‘సిద్ధార్థ రాగోదయం’ ఇందుకు నిదర్శనాలు. ఈ చిత్రాలు ఆలయం కోసం వ్రాసినవి కావు. ప్రదర్శనశాల కోసం, విద్యావంతుడైన ప్రేక్షకుని కోసం వ్రాసినవి. 1924లో ఆరంభమైన ‘భారతి’ వంటి పత్రికల పాఠకలోకమూ ఆ ప్రేక్షకులలో భాగమే. ఇరవై ఎనిమిదేండ్లు నిండకముందే రామారావు మశూచికి బలియైనా, ఆయన రాజమహేంద్రవరంలో నెలకొల్పిన చిత్రకళాసమితి ఆ మార్గాన్ని నిలిపింది.

ఈ సిద్ధాంతానికి వ్యతిరేక దృష్టాంతం గడివేముల ప్రాంతీయులకు చిరపరిచితమే. ఆళ్లగడ్డ శిల్పుల చేతికి విద్యుత్తుతో నడిచే కోతయంత్రాలు వచ్చాయి. ఉలి చేసే శ్రమ తగ్గింది. కాని ఆలయం కోసం మలచే మూర్తికి నేటికీ ధ్యానశ్లోకం, తాలమానం ప్రమాణాలే. కారణం స్పష్టం: పనిముట్టు మారింది గాని ఆ మూర్తిని కోరేవాడు మారలేదు. భక్తునికి కావలసినది శిల్పి స్వీయభావం కాదు, పూజార్హమైన లక్షణశుద్ధి. అదే శిల్పి నాయకుని విగ్రహానికి పూనుకొన్నప్పుడు ప్రమాణం శ్లోకం కాదు, ఛాయాచిత్రం.

కావున సంప్రదాయ శిల్పిని వెనుకబడినవాడనడం, ఆధునికుని సంప్రదాయభ్రష్టుడనడం రెండూ అసమంజసాలే. ఇరువురూ తమను కోరినవానికి సమాధానం చెప్పినవారే. కళాచరిత్ర బోధించే మనం ఏ యంత్రం వచ్చిందని మాత్రమే గాక, ఎవరి కోసమని కూడ ప్రశ్నింపవలసి ఉన్నది.