జల్లెడలోంచి వచ్చిన మాట



ఇంగ్లీషు పేపర్లో ‘యాసర్టెయిన్’ అన్న మాట తగిలిందనీ, డిక్షనరీలో ‘నిర్ధారించుకొను’ అని ఉన్నా అది మనసుకు పట్టలేదనీ రాశావు. ముందు దాన్ని పలకడం నేర్చుకో తల్లీ. ‘సర్టెన్’ అనేటప్పుడు ఊనిక మొదట్లో పడుతుంది. ఇక్కడ అది చివరికి జరిగి ‘టెయిన్’ మీద పడుతుంది.

ఈ మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. అందులో ఉన్న ‘సర్టెన్’కు మూలం లాటిన్‌లోని ‘కెర్తుస్’, దాని పుట్టుక ‘కెర్నెరె’ అనే క్రియలో. కెర్నెరె అంటే జల్లించడం, వేరుచేయడం, తేల్చుకోవడం. నానమ్మ పిండి జల్లిస్తుంటే ఒకసారి దగ్గర కూర్చుని చూడు. జల్లెడ అంచును అరచేత్తో తడుతుంటే మెత్తటి పిండి పళ్లెంలోకి రాలుతుంది. పైన పొట్టు, రవ్వ, ఒక్కోసారి ఓ పురుగు మిగులుతాయి. మిగిలినదాన్ని కూడా వేలితో కదిపి చూశాకే పారబోస్తుంది. ఆ పనే ఈ మాట కడుపులో ఉంది. మనం ఆఫీసుల చుట్టూ తిరిగి తెచ్చుకునే సర్టిఫికెట్టు దీనికి చుట్టమే. పక్కకు తీసి దాచింది కనుక ‘సీక్రెట్’ కూడా ఆ ఇంటిదే.

అయితే దీని అర్థం మొదటినుంచీ ఇదే కాదు. ఎదుటివాళ్లకు భరోసాగా చెప్పడం, దేన్నయినా కదలకుండా స్థిరపరచడం అనే అర్థాలు ఒకప్పుడు ఉండేవి. 1712లో జోనథన్ స్విఫ్ట్ ఇంగ్లీషు భాషను సరిదిద్దాలి, మెరుగుపరచాలి, ‘యాసర్టెయిన్’ చేయాలి అంటూ ఒక ప్రతిపాదన అచ్చువేశాడు. అదీ ఉత్తరమే, అప్పటి ఖజానా మంత్రి రాబర్ట్ హార్లీకి రాసింది. భాష ఇక మారిపోకుండా కట్టుదిట్టం చేయాలన్నది ఆయన ఆరాటం. నేటి అర్థంతో చదివితే ఆ శీర్షిక బోధపడదు.

ఇప్పుడు వాడుకలో ఉన్న అర్థం, వెతికి, పరీక్షించి తెలుసుకోవడం. దీన్ని ‘ఎన్‌ష్యూర్’తో కలిపేయకు. రాత్రి పడుకునే ముందు గ్యాస్ కట్టేసి ఉందో లేదో లేచి వెళ్లి చూడడం యాసర్టెయిన్. కట్టేసి ఉండేలా జాగ్రత్త తీసుకోవడం ఎన్‌ష్యూర్.

‘కనుక్కోవడం’ అంటే దీనికి కాస్త తేలికైపోతుంది, ఎవరినైనా అడిగినా సరిపోతుంది. ‘రూఢి చేసుకోవడం’ బాగానే అతుకుతుంది. తాతయ్యకు మాత్రం ‘తేల్చుకోవడం’ మీదే మక్కువ. విత్తనం వడ్లు ఉప్పునీళ్లలో పోస్తే తాలు పైకి తేలుతుంది, గట్టి గింజ అడుక్కు దిగుతుంది. లాటిన్ మాట జల్లెడ పడితే, మన మాట నీళ్లలో వేసి చూసింది.

‘మృతికి కారణం ఇంకా తేలాల్సి ఉంది’ అని మన పేపర్లు రాస్తుంటాయి. అలాంటి వార్తే ఇంగ్లీషు పేపర్లో ఎలా రాశారో వెతికి, ఆ ముక్క కత్తిరించి వచ్చే ఉత్తరంలో పంపు.