ఆకాశంలో ఆనవాళ్లు: ఏడాది పొడవునా ఏం చూడాలి?

నెలవంకలు ప్రజలకు కాలాన్నీ హజ్ సమయాన్నీ తెలిపే గుర్తులని దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరా 189వ ఆయతు బోధిస్తోంది. అంటే ఆకాశం వైపు చూడటం మనకు కాలక్షేపం కాదు, ఆరాధనకు అవసరం. కానీ నేడు నెలవంక వార్త ఫోనులో వస్తోంది. మేడ ఎక్కి పడమటి దిక్కు చూసేవారు తగ్గిపోయారు. చూడటమే తెలియనప్పుడు రేపు సాక్ష్యం చెప్పేదెవరు?

నెలవంక

చాంద్రమాసం సగటున 29.53 రోజులు. అందుకే నెల 29 లేదా 30 రోజులకు ముగుస్తుంది. 12 నెలలకు 354 లేదా 355 రోజులే కనుక రమజాన్ ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతూ, సుమారు 33 ఏళ్లలో అన్ని రుతువులనూ చుట్టి వస్తుంది.

అమావాస్య ఘడియలో చంద్రుడు సూర్యుని వైపే ఉంటాడు, కనిపించడు. గంటలు గడిచేకొద్దీ దూరం జరుగుతాడు. మనకంటే పడమరనున్న దేశాల్లో సూర్యుడు ఆలస్యంగా అస్తమిస్తాడు. ఆలోగా చంద్రుడు మరికాస్త దూరం జరుగుతాడు. కనుక అక్కడ కనిపించిన వంక అదే సాయంత్రం మనకు కనిపించకపోవచ్చు. ఈ సంగతి గ్రహిస్తే పండుగ తేదీపై వాదులాట చాలావరకు తగ్గుతుంది.

నెల 29వ నాటి సాయంత్రం సూర్యుడు అస్తమించిన చోటును గుర్తు పెట్టుకుని, 20 నిమిషాల తర్వాత దానికి కాస్త పైన వెదకాలి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వంక దాదాపు నిటారుగా పైన ఉంటుంది, చూడటం తేలిక. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఎడమవైపు వాలి త్వరగా అస్తమిస్తుంది. మబ్బు కమ్మితే 30 రోజులు పూర్తి చేయమన్నది ప్రవక్త (స) బోధన.

నీడ, ఖిబ్లా

ఏటా మే 28న మధ్యాహ్నం 2.48కి, జూలై 16న 2.57కి (మన సమయం) సూర్యుడు సరిగ్గా కాబా నడినెత్తిన ఉంటాడు. ఆ నిమిషంలో నిటారుగా పాతిన కర్ర నీడ కొసన నిలబడి కర్ర మొదలు వైపు చూస్తే అదే ఖిబ్లా. ఒకరోజు అటూఇటూ అయినా తేడా స్వల్పమే. హైదరాబాదు నుంచి ఖిబ్లా నేరుగా పడమర కాదు, సుమారు 13 డిగ్రీలు ఉత్తరానికి వాలి ఉంటుంది. అంచనాతో గీతలు గీసిన చోట ఆ రోజున సరిచూసుకోవచ్చు.

గ్రహణం

ప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ మరణం వల్లే పట్టిందని కొందరు అనుకోగా, ఎవరి చావు పుట్టుకలకూ గ్రహణం పట్టదని, అవి అల్లాహ్ సూచనలని, అప్పుడు నమాజు చేయమని ఆయన చెప్పారు. కన్నబిడ్డను పోగొట్టుకున్న ఘడియలోనూ మూఢనమ్మకానికి చోటివ్వలేదు. మరి గ్రహణమని గర్భిణులను గదిలో పెట్టి భయపెట్టడం మన ఇళ్లలో ఎందుకు? 2027 ఆగస్టు 2న మక్కాలో సంపూర్ణ సూర్యగ్రహణం ఏర్పడనుంది. సూర్యగ్రహణాన్ని మాత్రం తగిన రక్షణ లేకుండా కంటితో చూడరాదు.

నక్షత్రాలు

చలికాలపు రాత్రి కనిపించే కృత్తికలను మన పల్లెల్లో పిల్లలకోడి అంటారు, అరబీలో సురయ్యా. దాని వెనకే వచ్చే ఎర్రని రోహిణికి అల్ దబరాన్ అని పేరు, అంటే వెంబడించేది. నేటికీ ప్రపంచమంతా ఆ పేరే వాడుతోంది. 964లో అబ్దుర్రహ్మాన్ అల్ సూఫీ నక్షత్రాలపై రాసిన గ్రంథంలో చిన్న మబ్బుగా గుర్తించినదే నేటి ఆండ్రోమెడా గెలాక్సీ. మన హైదరాబాదులోనూ నవాబ్ జఫర్ జంగ్ 1901లో నిజామియా వేధశాలకు పునాది వేశారు.

ఇది మన వారసత్వం. వచ్చే 29వ నాటి సాయంత్రం మగ్రిబ్ తర్వాత పిల్లలను మేడ మీదకు తీసుకెళ్లండి. వంక కనబడితే దుఆ నేర్పండి. కనబడకపోతే ఎందుకు కనబడలేదో చెప్పండి. రెండూ పాఠాలే.