పట్టణ క్షేమము

పఠనము: యిర్మీయా 29:4-7, దానియేలు 6:1-10

జంషెడ్‌పూర్ పుట్టక మునుపే, 1902లో జమ్‌షెట్‌జీ టాటా తన కుమారుడైన దోరాబ్జీకి వ్రాసిన ఉత్తరములో, కట్టబోవు ఉక్కు పట్టణమున నీడనిచ్చు చెట్లకును ఆటస్థలములకును తోడు హిందూ దేవాలయములకు, మసీదులకు, క్రైస్తవ ఆలయములకు చోటు విడువుమని కోరెను. కూలియు గూడును మాత్రమే మనుష్యునికి చాలవని ఆయన ఎరిగియుండెను.

ఆ పట్టణమందే 1979 ఏప్రిల్‌లో శ్రీరామనవమి ఊరేగింపు దారిని గూర్చిన తగవు అల్లర్లుగా మారి, నూరుమందికి పైగా హతులైరి. ఇట్టివి చూచి, మతము ఇంటి గడప దాటరాదని కొందరందురు. తమ మతమునకే అధికారబలము కావలెనని మరికొందరందురు. లేఖనము ఈ రెంటిని ఒప్పుకొనదు.

బబులోను చెరలోనున్నవారు ఇండ్లు కట్టుకొని, తోటలు నాటి, ఆ అన్య పట్టణ క్షేమముకొరకు ప్రార్థింపవలెనని యిర్మీయా వ్రాసెను. దానియేలు అక్కడనే రాజ్యకార్యములను నమ్మకముగా జరిగించెను. ప్రార్థన నిషేధింపబడినప్పుడు కిటికీలు మూసికొనలేదు, కత్తియు పట్టలేదు.

దైవభయము లేని పరిపాలనకు మనస్సాక్షి కరవగును. ప్రేమ లేని భక్తి జెండాగా మిగులును. కావున పొట్టకూటికై తెలుగునాడు విడిచి జంషెడ్‌పూర్ చేరిన విశ్వాసియైనను, స్వగ్రామమందే ఉన్నవాడైనను, లంచము ముట్టక, ఓటు అమ్ముకొనక, అబద్ధసాక్ష్యము పలుకక నిలువవలెను. అల్లరి రేగిన దినమున అన్యమతస్థుడైన పొరుగువానికి తన తలుపు తెరువవలెను.

ధ్యానము: నీ విశ్వాసమువలన నీ వీధికి కలిగిన క్షేమమేమి?