రీస్టార్ట్ చేసే ముందు



ఉబుంటులో ఫొటోలు సేవ్ చేస్తుంటే ఉన్నట్టుండి డిస్క్ రీడ్ ఓన్లీ అయిపోతోందనీ, రీస్టార్ట్ చేస్తే మళ్లీ కొన్నాళ్లు బాగానే నడుస్తోందనీ రాశావు. రాజోలులో ఎవరో కొత్త డిస్క్ కొనెయ్యమన్నారట. అప్పుడే కొనకు. తప్పు డిస్క్‌దో కాదో ఇంకా తేలలేదు.

అంతర్వేది కల్యాణం ఫొటోలు, ఈ మాఘంలో తీసిన పెళ్లిళ్లు ఇవాళే ఇంకో డిస్క్‌లోకి ఎక్కించు. మామూలుగా కాపీ కాకపోతే ఆంటోనియో డియాజ్ డియాజ్ రాసిన డీడీరెస్క్యూ వాడు. అది తేలిగ్గా వచ్చేదంతా ముందు లాగేసి, మొండికేసిన చోట్లకు తర్వాత వస్తుంది. మ్యాప్ ఫైలు పేరు ఇచ్చావంటే మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటినుంచే అందుకుంటుంది. గాలివాన వస్తే మన తీగల మీద కొబ్బరి మట్టలు పడకుండా ఉండవు కదా, అది మరవకు. కాపీ అయ్యేదాకా ఫైల్‌సిస్టమ్‌ని బాగుచేసే ఎఫ్‌ఎస్‌సీకే జోలికి పోవద్దు. మరమ్మతు అంటే డిస్క్ మీద రాయడమే. పాడైన డిస్క్ మీద గానీ, నమ్మకం లేని కేబుల్ గుండా గానీ రాయించామంటే ఉన్నదీ పోతుంది.

ఇక అసలు సంగతి. నువ్వు రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ ఆధారం చెరిగిపోతోంది. లైనక్స్ కెర్నల్ ప్రతి ఎర్రర్‌నీ టైముతో సహా చెబుతుంది, అది జర్నల్‌లోకి ఎక్కుతుంది. కానీ ఆ జర్నల్ ఉండేది కూడా ఆ డిస్క్ మీదే. రీడ్ ఓన్లీ అయ్యాక ఇక అందులో రాయడం కుదరదు. మనకు కావలసిన ఆ ఆఖరి వరుసలు మెమరీలో మిగిలి, పవర్ తీయగానే పోతాయి. అందుకని రోజూ పొద్దున్నే ఒక టెర్మినల్ తెరిచి, కెర్నల్ సందేశాలు చూపించే డీమెసెజ్‌ని ఫాలో ఆప్షన్‌తో నడుపుతూ వదిలెయ్యి. డిస్క్ పలకనప్పుడు కొత్తగా ఏ ప్రోగ్రామూ తెరుచుకోకపోవచ్చు, తెరిచి ఉన్నది మాత్రం చూపిస్తూనే ఉంటుంది. ఆగిపోగానే సెల్‌తో స్క్రీన్ ఫొటో తీసి, ఆ తర్వాతే బటన్ నొక్కు.

ఆ ఫొటోలో యూఎన్‌సీ అని ఉంటే డిస్క్ తన సెక్టార్‌ని తానే చదువుకోలేకపోయింది. ఐసీఆర్‌సీ అని ఉంటే డేటా దారిలో పాడైంది, డిస్క్ నిక్షేపంలా ఉండొచ్చు. లింక్ రీసెట్ అయిందని పదేపదే వచ్చి, వేగం 6 గిగాబిట్ల నుంచి 3కి, 1.5కి దిగుతుంటే కేబుల్‌నీ, పవర్ సప్లైనీ అనుమానించు.

తర్వాత, డిస్క్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్ అంకెలతో స్మార్ట్‌సీటీఎల్ ఇచ్చే పట్టిక. అందులో 199వ నంబరు సీఆర్‌సీ లెక్క, అంటే డేటా దారిలో ఎన్నిసార్లు పాడైందో ఆ లెక్క. అది పెరగడమే గానీ తగ్గడం ఉండదు. పెద్ద అంకె కనబడిందని బెంగపడకుండా ఇవాళ్టిది రాసిపెట్టుకో. చదవలేక పెండింగ్‌లో ఉంచిన సెక్టార్లు 197లో, బదులు సెక్టార్లు కేటాయించినవి 5లో ఉంటాయి. ఈ రెండూ పెరుగుతుంటే మాత్రం డిస్క్ మార్చాల్సిందే. గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా డిస్కులను గమనించి 2007లో ఒక పత్రం ప్రచురించారు. మొదటి స్కాన్ ఎర్రర్ వచ్చిన డిస్క్ 60 రోజుల్లోపు పోయే అవకాశం, రాని వాటికన్నా 39 రెట్లు ఎక్కువని తేల్చారు. పోయిన డిస్కుల్లో 56 శాతానికి పైగా ముఖ్యమైన నాలుగు స్మార్ట్ గుర్తుల్లో ఒక్కటీ చూపించలేదని కూడా వాళ్లే రాశారు. కాబట్టి పట్టిక శుభ్రంగా ఉందని బ్యాకప్ మానకు.

కేబుల్, పోర్టు, పవర్ కనెక్టర్ అన్నీ ఒకేసారి మార్చే తొందర మన కుర్రాళ్లందరికీ ఉంటుంది. అలా చేస్తే ఎర్రర్ ఆగినా దేనివల్ల ఆగిందో తెలియదు, మళ్లీ వస్తే మొదటికొస్తావు. 197, 5 పెరగకుండా ఉంటే ముందు కేబుల్ ఒక్కటే మార్చు. మీ వైపు సముద్రపు గాలి కదా, తీసినప్పుడు కనెక్టర్ లోపల నల్లబడిందేమో టార్చి వేసి చూడు. ఎర్రర్ వచ్చిన టైమూ, ఆ వేళకి ఏసీ నడుస్తోందా, లామినేషన్ మిషను నడుస్తోందా, కరెంటు ఇన్వర్టర్ మీదికి మారిందా అన్నదీ నోట్‌బుక్‌లో పక్కపక్కనే రాయి. ఎర్రర్లన్నీ కరెంటు మారే వేళకే వస్తుంటే కేబుల్ కన్నా పవర్ మీదే నా అనుమానం.

వారం తర్వాత 199 అంకె మళ్లీ చూడు. అది కదలక, ఎర్రర్లూ రాకపోతే డిస్క్ డబ్బు మిగిలినట్టే. పెరిగితే పోర్టు మార్చు. అదీ కాకపోతే సీపీయూ పట్టుకుని అమలాపురం వచ్చెయ్యి, నా దగ్గరున్న పవర్ సప్లై పెట్టి చూద్దాం.