గోలలో వినపడని బంగారం

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో బంగారం కొన్నిచోట్ల నేలలో ముద్దలుగా దొరుకుతుంది. 1980లో కింగోవర్ అనే ఊరి దగ్గర ఒకాయన మెటల్ డిటెక్టర్‌తో, అంటే లోహశోధకంతో వెదుకుతూ, సుమారు 27 కిలోల బంగారు ముద్దను బయటికి తీశాడు. అయితే అంతటి అదృష్టం అందరికీ పట్టదు కదా! చాలామందికి దొరికేవి కందిగింజంత, పెసరగింజంత పలుకులే. అంత చిన్న పలుకు నుంచి వచ్చే సంకేతం చాలా సన్నగా ఉంటుంది. దగ్గరలో కరెంటు తీగలుంటే శోధకం ఒకటే గోల పెడుతుంది. ఆ గోలలో బంగారం మీదుగా నడిచిపోయినా తెలియదు. లేనిపోని శబ్దానికి గోతులు తవ్వి రోజంతా వృథా చేసుకునేవాళ్ళూ ఉంటారు. మరి ఏం చేయాలి?

మా తొమ్మిదో తరగతిలో ఈ ప్రశ్న వేశాను. వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి లేచి, "శబ్దం పెంచితే సరి, మాస్టారూ!" అన్నాడు. అది సరైన జవాబేనా? చూద్దాం.

శోధకం ఎలా పనిచేస్తుంది?

మారుతున్న అయస్కాంత క్షేత్రం దగ్గరలోని వాహకంలో విద్యుత్తును పుట్టిస్తుందని 1831లో మైకేల్ ఫారడే కనుగొన్నాడు. దీనినే విద్యుదయస్కాంత ప్రేరణ అంటాం. శోధకం అడుగున పళ్ళెంలాంటి భాగంలో రాగి తీగచుట్టలుంటాయి. ఒక చుట్టలో మాటిమాటికీ మారే విద్యుత్తును పంపుతారు. దానివల్ల నేలలోకి మారే అయస్కాంత క్షేత్రం వ్యాపిస్తుంది. అక్కడ బంగారం ఉంటే అందులో సుడులు తిరిగే ప్రవాహాలు పుడతాయి. వీటికి ఎడ్డీ ప్రవాహాలని పేరు. ఇవి తమ వంతుగా ఒక బలహీనమైన క్షేత్రాన్ని కలిగిస్తాయి. రెండో చుట్ట దానిని పసిగట్టి చెవికి శబ్దంగా అందిస్తుంది.

గోల ఎక్కడిది?

రెండో చుట్టకు బంగారమేదో, కరెంటు తీగ ఏదో తెలియదు. దానికి తెలిసింది ఒక్కటే: మారే అయస్కాంత క్షేత్రం! మన దేశంలోలాగే ఆస్ట్రేలియాలోనూ ఇళ్ళకు వచ్చే విద్యుత్తు పౌనఃపున్యం 50 హెర్ట్జ్‌లు. ఆ తీగల చుట్టూ క్షేత్రం అదే పౌనఃపున్యంతో మారుతుంటుంది. దానితోబాటు 100, 150 వంటి గుణిజాలూ ఉంటాయి. పశువుల కోసం వేసిన విద్యుత్ కంచె ఉండి ఉండి టిక్కుమనిపిస్తుంది. జేబులోని సెల్‌ఫోను, పక్కవాడి శోధకం, ఎక్కడో దూరాన మెరిసిన మెరుపు కూడా తలో చేయి వేస్తాయి.

ఇప్పుడు శబ్దం పెంచామనుకోండి. సంకేతంతోబాటు గోల కూడా పెరుగుతుంది. సంతలో స్నేహితుడి మాట వినపడలేదని సంత గోలనంతా కలిపి మైకులో పెడితే మాట వినిపిస్తుందా?

ముందు దొంగను గుర్తించాలి

శోధకాన్ని కదపకుండా పట్టుకోవాలి. అయినా శబ్దం ఆగకపోతే అది బయటి విద్యుత్తు వల్ల వచ్చిన అలజడి. పళ్ళేన్ని నేలకేసి పైకీ కిందికీ ఆడించినప్పుడే శబ్దం మారితే, దోషం మట్టిలోని ఇనుప ఖనిజాలది. ఒకేచోట, పళ్ళెం ఎన్నిసార్లు దాటినా అన్నిసార్లూ అదే శబ్దం వస్తే అక్కడ లోహం ఉన్నట్టే. ఆ చోటు తవ్వి చూడదగ్గది.

గోల తగ్గించే ఉపాయాలు

మొదటిది దూరం. తీగల నుంచి దూరం జరిగేకొద్దీ క్షేత్రం బలహీనపడుతుంది. సెల్‌ఫోను ఆపివేయాలి. ఇద్దరు వెదుకుతుంటే ఎడంగా నడవాలి.

రెండోది పౌనఃపున్యం మార్చడం. రేడియోలో గరగర లేని చోటికి ముల్లు తిప్పినట్లే, శోధకాన్ని కదపకుండా పట్టుకుని ప్రశాంతంగా ఉన్న పౌనఃపున్యాన్ని ఎన్నుకోవాలి.

మూడోది చాలా చక్కనిది. గ్రహించే తీగను 8 అంకె ఆకారంలో, రెండు భాగాలూ ఎదురెదురు దిశల్లో ఉండేలా చుడతారు. దూరపు తీగ నుంచి వచ్చే క్షేత్రం రెండు భాగాల్లోనూ దాదాపు సమానంగా ఉంటుంది. కాబట్టి అది పుట్టించే విద్యుత్తులు ఒకదానినొకటి కొట్టివేసుకుంటాయి. బంగారం దగ్గరలో ఉంటుంది గనుక ఒక భాగంపైనే ఎక్కువ ప్రభావం చూపుతుంది. గోల పోతుంది, సంకేతం మిగులుతుంది.

నాలుగోది మన అబ్బాయి చెప్పినదానికి సరిగ్గా వ్యతిరేకం: శోధకం సూక్ష్మగ్రాహ్యతను తగ్గించడం! తగ్గిస్తే లోతున ఉన్న బంగారం పోదా? లెక్క చూడండి. తీగచుట్ట వ్యాసార్థం 14 సెం.మీ., పలుకు 30 సెం.మీ. లోతులో ఉందనుకుందాం. సూక్ష్మగ్రాహ్యతను సగం చేస్తే 15 సెం.మీ. వరకే వినిపిస్తుందా? కాదు. క్షేత్రం నేలలోకి పోయేటప్పుడు ఒకసారి, బంగారం నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఇంకోసారి క్షీణిస్తుంది. అందువల్ల పలుకు కాస్త పైన ఉన్నా సంకేతం ఎంతో బలపడుతుంది. సుమారు 26 సెం.మీ. లోతు దగ్గరే అది రెట్టింపవుతుంది. అంటే మనం పోగొట్టుకున్నది 4 సెం.మీ. మాత్రమే. 30 సెం.మీ. లోతులోని పలుకు ఆ గోలలో ఎలాగూ వినిపించేది కాదు. ఇప్పుడు గోల అణిగింది కాబట్టి 26 సెం.మీ. దగ్గరిది స్పష్టంగా పలుకుతుంది.

మీరే చేసి చూడండి

బ్యాటరీతో పనిచేసే ట్రాన్సిస్టర్ రేడియోను మీడియం వేవ్‌లో ఏ స్టేషనూ రాని చోట ఉంచండి. వెలుగుతున్న ఎల్.ఇ.డి. బల్బు దగ్గరకు మెల్లగా తీసుకెళ్ళండి. బల్బును, ప్లగ్గును తాకవద్దు. గరగర వినిపిస్తే, రేడియోను అక్కడే అడ్డంగా, నిలువుగా తిప్పండి. ఒక్కో దిశలో శబ్దం ఒక్కోలా మారుతుంది. తర్వాత పావు మీటరు, అర మీటరు, ఒక మీటరు దూరాల్లో విని పట్టిక రాయండి. ఇప్పుడు రేడియో శబ్దం పెంచి చూడండి. గరగర తగ్గిందా?

ఉరుములు మెరుపులు ఉన్నరోజు రేడియో చిటపటలాడుతుంది. ఆరుబయట వెదికేవారికి ఆ చిటపట ఒక హెచ్చరిక. శోధకం కట్టేసి సురక్షితమైన చోటికి చేరాలి. ప్రాణంకన్నా బంగారం ఎక్కువ కాదు.

ఈ ప్రయోగం చేసిన మర్నాడు ఆ అబ్బాయే మళ్ళీ లేచి, "వినపడనప్పుడు శబ్దం పెంచడం కాదు, గోల తగ్గించాలి మాస్టారూ!" అన్నాడు. ఆ జవాబుకు పూర్తి మార్కులు వేశాను.

ఆలోచించండి: ఒకే పౌనఃపున్యంతో పనిచేసే రెండు శోధకాలు పక్కపక్కనే ఉంటే ఏమవుతుంది? 8 అంకె చుట్ట సరిగ్గా మధ్యన, రెండు భాగాలకూ సమాన దూరంలో బంగారం ఉంటే ఏమవుతుంది?