చెయ్యి కీబోర్డు మీంచి తియ్యండి

రాత్రి పదకొండు. కొత్తగా రాసిన రూట్ పలకడం లేదు. మీరేం చేస్తారు? ఫంక్షన్ పేరు మారుస్తారు, సర్వర్ ఆపి మళ్లీ నడుపుతారు, ఇంకో ఫైలు తెరిచి అదీ కెలుకుతారు. నేనూ ఆ బాపతే. తెల్లారేసరికి అసలు తప్పేదో, నేను కొత్తగా చేర్చిన తప్పేదో నాకే తెలిసేది కాదు.

ముందు సర్వర్ పంపిన నంబరు చదవండి. 404 వస్తే సాధారణంగా ఆ చిరునామాకు రూటే లేదు. రూట్ ఉండి, అడిగిన రికార్డు లేకపోయినా అదే వస్తుంది. 405 అయితే చిరునామా సరైందే, మెథడ్‌తోనే తేడా. ఉదాహరణకు, గెట్‌కి దారి ఉంది, మీరు పంపిన పోస్ట్‌కి లేదు.

నన్ను బాగా తిప్పలు పెట్టింది 422. ఫాస్ట్‌ఏపీఐలో 'ఆర్డర్స్/లేటెస్ట్' అడిగితే 'ఇది అంకె కాదు' అంది. నేను అంకె అడగనేలేదే! కారణం చూస్తే నవ్వొచ్చింది. ఆర్డర్ నంబరు తీసుకునే రూట్‌ని పైన రాసి, లేటెస్ట్‌ని కింద పెట్టాను. ఫ్రేమ్‌వర్క్ పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చి, మొదట సరిపోయినదాన్నే పట్టుకుంటుంది. 'లేటెస్ట్' అనే మాటనే ఆర్డర్ నంబరు అనుకుంది. రెండు ఫంక్షన్ల స్థానాలు మార్చాను, అంతే.

200 వచ్చినా నమ్మేయకండి. జాంగోలో చివరి స్లాష్ మరిచి పోస్ట్ పంపితే, డీబగ్ ఆన్‌లో ఉన్నప్పుడు అది గట్టిగానే అరుస్తుంది. ప్రొడక్షన్‌లో మాత్రం చప్పుడు చేయకుండా 301తో స్లాష్ ఉన్న చిరునామాకు మళ్లిస్తుంది. చాలా క్లయింట్లు అక్కడికి గెట్‌గా మారి వెళ్తాయి. పాత ఆర్డర్ల జాబితా చక్కగా 200తో వస్తుంది, కొత్త ఆర్డర్ మాత్రం ఎక్కడా సేవ్ కాదు. మర్యాదస్తుడి అబద్ధం అంటే ఇదే.

ఊహించే ముందు చూసే అలవాటు చేసుకోండి. ఫ్లాస్క్‌లో టెర్మినల్‌లో 'ఫ్లాస్క్ రూట్స్' అని కొడితే ఉన్న రూట్లన్నీ వరసగా కనిపిస్తాయి. జాంగో 404 డీబగ్ పేజీ తాను ఏయే రూట్లు ప్రయత్నించిందో తనే రాసి చూపిస్తుంది. ఆ పేజీని చివరిదాకా చదివినవాళ్లను నేను తక్కువే చూశాను.

అప్పటికీ తేలకపోతే సీనియర్‌ని అడగండి, సిగ్గేం లేదు. కానీ 'అన్నా, పనిచేయట్లేదు' అని పంపకండి. ఏ మెథడ్, ఏ చిరునామా, ఏ నంబరు వచ్చింది అన్న మూడూ రాయండి. చిరునామా టైప్ చేస్తుంటే పోయిన స్లాష్ కనబడి, ఆ మెసేజ్ పంపకుండానే చెరిపేసిన రోజులు నాకు బోలెడున్నాయి.